తమ్ముడి డీజే బండిలో అమ్మ కత్తెర

ఇయర్‌ఫోన్లు కొనడానికి నా దుకాణానికి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది ధర కాదు. "అక్కా, బేస్ గట్టిగ వస్తదా?" అని అడుగుతారు. వస్తుందంటే చెవుల్లో పెట్టుకుని, ఫోన్‌లో ఏదో ఒక డీజే పాట పెట్టుకుని, కళ్లు మూసుకుని తల ఊపుతారు. చెవులు దిమ్మెక్కితే కొంటారు. లేకపోతే వైరు చుట్టి కౌంటర్ మీద పడేసి పోతారు. బాన్సువాడ బస్టాండు దాటగానే ఉన్న వరుసలో నాది ఫోను సామాన్ల దుకాణం. పొద్దంతా బస్సుల హారన్లు, ఆటోవాళ్ల కేకలు, చెరుకు లారీల బ్రేకులు. ఇంటికి పోతే అక్కడ తమ్ముడు. వాడికి డీజే బండి ఉంది. పెళ్లిళ్లకు, ఊరేగింపులకు బాక్సులు కట్టుకుని పోతాడు. పని లేని రోజు ఇంటి ముందే వాటిని మోగించి చూసుకుంటాడు. ఇంత మోతలో నాకు సంగీతమంటే ఇష్టం పుట్టే సందు ఎక్కడిది? దుకాణం మూసి ఇంటికి రాగానే టీవీ కూడా బంద్ చేయమనేదాన్ని.

అలాంటి నాకు ఆ ఇద్దరమ్మాయిలు చేసే సంగీతం నచ్చింది. దాని గురించి చెబుదామని కూర్చుంటే ముందు కోపమే వస్తోంది. కోపం వెనక్కి పోయేలా లేదు గనక దానితో సహా చెబుతాను.

వాళ్లిద్దరూ వదినా మరదళ్లు. పెద్దమ్మాయిది బాన్సువాడే. చిన్నమ్మాయి ఆమెకు మేనమామ కూతురు, మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్ పిల్ల. ఇంట్లో మరాఠీ, బయట తెలుగు మాట్లాడుతుంది. ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరూ వచ్చి, మైకును ఫోన్‌కు తగిలించే పిన్ను ఉందా అని అడిగారు. ఉంది. తీసి ఇచ్చాను. పిన్ను పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి పెద్దమ్మాయి దానికి ఇయర్‌ఫోన్లు తగిలించి, ఫోన్‌లో ఏదో పెట్టుకుని విని, తల ఊపకుండా ఊరికే నిలబడింది. నా దుకాణంలో తల ఊపకుండా పాట విన్న మనిషిని అంతకుముందు చూడలేదు.

"ఏం పాట గది?" అని అడిగాను.

"మాదే అక్కా. మేమిద్దరమే చేసినం. ఇంటవా?"

ఇయర్‌ఫోన్లు నా రెండు చెవుల్లో పెట్టింది. మొదట ఏమీ వినపడలేదు. వైరు తెగిందేమోనని కదపబోతే చిన్నమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "ఆగక్కా, వస్తది."

వచ్చింది. ఎక్కడో నీళ్ల అడుగున ఏదో తిరుగుతున్నట్టు ఒక హోరు. అది బెల్లం వండే చోట చెరుకు గానుగ ఇంజను అని తర్వాత చెప్పారు. ఆ ఇంజను మోతను సాగదీసి, మెత్తబరిచి, తంబూరా శ్రుతిలాగా కింద పరిచారు. దాని మీద ఒక చిన్న దెబ్బ, గ్లాసు మీద గోటితో కొట్టినంత. అది నేను అనుకున్న చోట ఒక్కసారి కూడా పడలేదు. ప్రతిసారీ రవ్వంత ఆలస్యంగా పడుతుంది. ఆ ఆలస్యంలో నాకు తెలియకుండానే ఎదురు చూడడం మొదలుపెట్టాను. తర్వాత చిన్నమ్మాయి గొంతు వచ్చింది. మాటలు లేవు. వాళ్ల నాయనమ్మ విసురురాయి దగ్గర తీసే రాగమట. ఆ గొంతే మూడుగా చీలి, ఒకటి కుడి చెవిలో, ఇంకొకటి ఎడమ చెవిలో, మూడోది నా వెనక నిలబడి పాడుతున్నట్టు. నిజంగానే వెనక్కి తిరిగి చూశాను. వెనక చార్జర్ల డబ్బాలు తప్ప ఏమీ లేవు. ఈలోపు ఎవరో వచ్చి ఫోన్ కవర్ అడిగితే ఆగమని చేత్తో చెప్పాను. ఆయన ఆగలేదు, పోయాడు. పోతే పోనీ అనుకున్నాను. నా వ్యాపారంలో అలా అనుకోవడం అదే మొదలు.

"దీన్ని ఏమంటరు?" అని అడిగాను.

"ఎలక్ట్రానిక్ అక్కా. ఇండీ. అంటే కంపెనీ గింపెనీ ఎవ్వలు లేరు. మా ల్యాప్‌టాప్, మా గొంతు, గంతే."

ఆ రోజు నుంచి వాళ్ల పాటలన్నీ విన్నాను. కొత్త ఇయర్‌ఫోన్ వస్తే వాటితోనే పరీక్ష చేసేదాన్ని. కాలువ నీళ్లు తూములో దూకే చప్పుడు, బస్సు ఇంజను ఆపేశాక కిటికీ అద్దాలు చివరిసారి వణికే చప్పుడు, వడ్లు ఎండబోసి కాళ్లతో కలబెట్టే చప్పుడు. ఇవన్నీ నేను పుట్టినప్పటి నుంచి నా చుట్టూ ఉన్నవే. అవి ఇంత అందంగా ఉంటాయని ఎవరూ చెప్పలేదు. చౌక ఇయర్‌ఫోన్లలో ఆ పాటలు సగం పోయేవి. పైన గట్టిగా ఉన్నది వినపడి, లోపల మెల్లగా ఉన్నది చచ్చిపోయేది. మంచి వాటిలో వింటే గది వెడల్పు తెలిసేది, ఎవరు దగ్గర, ఎవరు దూరం అనేది తెలిసేది. చప్పుడుకు చోటు ఉంటుందని నాకు తెలిసింది వాళ్ల వల్లే. వాళ్ల పాటలు విన్నవాళ్లు మాత్రం చాలా తక్కువ. కొనడానికి వచ్చిన పోరగాళ్లకు వినిపిస్తే "ఎప్పుడు మొదలైతదక్కా?" అనేవాళ్లు.

"సప్పుళ్లు కావాల్నంటే మా ఇంటికి రాండ్రి," అని నేనే పిలిచాను. మా అమ్మ బీడీలు చేస్తుంది. నాన్న పోయాక బీడీ ఆకు, తంబాకు పోసిన చాట ఒళ్లో పెట్టుకునే నన్నూ తమ్ముణ్నీ పెంచింది. ఇప్పుడు చేయకపోయినా గడుస్తుంది గానీ, కూర్చుంటే తోచదని ఆమే మానలేదు.

వాళ్లు వచ్చిన రోజు తమ్ముడు డోంగ్లి దగ్గరి ఊళ్లో పెళ్లికి బండి తీసుకుని పోయాడు. అమ్మ అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టే తడి తునికాకు కత్తిరిస్తోంది. పెద్దమ్మాయి చిన్న రికార్డర్ తీసి ఆమె ముందు పెట్టబోయి ఆగింది.

"అవ్వా, నీ కత్తెర సప్పుడు దీంట్ల పట్టుకుంటం. నువ్వు వద్దంటే పట్టం, గట్లనే పోతం."

అమ్మ ఆ మిషన్‌ను చూసి, అమ్మాయిని చూసి నవ్వింది. "పట్టుకోండ్రి బిడ్డా. పట్టుకుంటే నా కత్తెర ఏమన్న తరిగిపోతదా?"

కానీ మిషన్ పెట్టగానే ఫొటోకు కూర్చున్నట్టు బిర్రబిగుసుకుపోయింది. ఊపిరి బిగబట్టి కత్తిరించడం మొదలుపెట్టింది. చిన్నమ్మాయి గోడకు ఆనుకుని కూర్చుంది, పెద్దమ్మాయి చాపమీద పడుకుంది. ఎండ అరుగు మీది నుంచి వాకిట్లోకి జరిగే దాకా అలాగే ఉన్నారు. అమ్మ వాళ్లను మరిచిపోయింది. అప్పుడు అసలు కత్తెర మొదలైంది.

ఆ పాట తయారై వచ్చాక దుకాణంలోనే విన్నాను, నా దగ్గర ఉన్న అన్నిటికన్నా మంచి హెడ్‌ఫోన్ డబ్బా విప్పి. తడి ఆకును కోసే చప్పుడు కాగితం కోసినట్టు ఉండదు. మెత్తగా మొదలై చివర టక్కున తెగుతుంది. బీడీ ఆకు కొలత ప్రకారం రెండు పొడుగు కోతలు, రెండు పొట్టి కోతలు. ఆ పొడుగూ పొట్టీనే తాళం. "మేం బీట్ పెట్టలేదక్కా, అవ్వ బీటే," అంది పెద్దమ్మాయి. ఆ కోతల కింద చిన్నమ్మాయి గొంతు చాలా మెల్లగా, ఎవరినో నిద్ర లేపకుండా పాడుతున్నట్టు నడుస్తుంది. అలా నడిచి నడిచి ఒకచోట కత్తెర ఆగిపోతుంది. దానితోపాటు అన్నీ ఆగిపోతాయి. ఏ హోరూ లేదు, ఏ గొంతూ లేదు. మిగిలింది వాకిలి గాలి, అమ్మ పొడుగ్గా వదిలిన ఒక ఊపిరి. తర్వాత మళ్లీ కత్తెర.

చిన్నప్పుడు తెల్లవారకముందే అమ్మ చాట పట్టుకుని కూర్చునేది. నేనొక పక్క, తమ్ముడొక పక్క ఆమె మోకాళ్లకు తలలు ఆనించి పడుకునేవాళ్లం. కత్తెర చప్పుడుకు మాకెప్పుడూ మెలకువ రాలేదు. అది ఆగితే వచ్చేది. ఆగిందంటే నొప్పికి అమ్మ చేత్తో నడుము పట్టుకుందని. ఇద్దరం కళ్లు తెరిచి, మళ్లీ మొదలయ్యేదాకా చీకట్లో అలాగే చూస్తూ ఉండేవాళ్లం. ఈ సంగతి నేను ఆ అమ్మాయిలకు చెప్పలేదు. అసలు ఎవరికీ చెప్పలేదు. వాళ్లు ఊరికే విని, ఆగినచోటే ఆ పాటకు ప్రాణమని తెలుసుకున్నారు. ఎక్కడి మనుషులు వీళ్లు అనుకున్నాను.

వాళ్లు తమ పేర్లతో నెట్‌లో పెట్టిన ఆ పాట లింకును తమ్ముడి ఫోన్‌కు పంపాను. "ఇది విను" అని ఒక్క ముక్క రాశాను. ఇంకేం రాయలేదు. వాడే పోల్చుకోవాలని, పోల్చుకుని పరుగెత్తుకుంటూ వచ్చి "అక్కా, గిది అమ్మనే గద!" అనాలని ఆశపడ్డాను. వాడు అనలేదు. విన్నావా అని అడిగితే "ఆఁ, మంచిగున్నది, బీట్ మంచిగున్నది," అని బండి కడగడానికి పోయాడు.

కొన్నాళ్లకు ఊళ్లో ఒక నాయకుడి పుట్టినరోజు వచ్చింది. ఎవరైతేనేం, ఏ పార్టీ అయితేనేం. బస్టాండు ముందు నుంచి ర్యాలీ. ముందు మోటారు సైకిళ్లు, వెనక మా తమ్ముడి డీజే బండి, దాని చుట్టూ కండువాలు వేసుకుని ఎగిరే గుంపు. బండి మలుపులో ఉండగానే నా కౌంటర్ అద్దం దడదడలాడింది, కొక్కేలకు తగిలించిన ఇయర్‌ఫోన్ ప్యాకెట్లు ఊగాయి. అది అలవాటే. ముందు ఒక ఆడగొంతు ఇంగ్లీషు యాసలో తమ్ముడి పేరు చెప్పింది. వాడి మిక్సింగులన్నీ అలాగే మొదలవుతాయి. తర్వాత బీట్ పడింది.

రెండు పొడుగు, రెండు పొట్టి.

రేకుల షెడ్డు మీద గడ్డపారతో బాదుతున్నట్టుంది. అయినా పోల్చుకున్నాను. అమ్మ కత్తెర. దాని మీద దరువు, దరువు మీద ఆ నాయకుడి పేరు, పేరు వెనక జై. చిన్నమ్మాయి గొంతును పట్టి లాగి పెంచి, చిన్నపిల్ల కీచుగొంతులా చేశాడు. నేను కౌంటర్ వెనక నిలబడి, ఇప్పుడు ఆ ఆగే చోటు వస్తుంది, అక్కడైనా ఆగుతాడు అనుకున్నాను. వచ్చింది. అమ్మ ఊపిరి వదిలే చోట అంబులెన్సు సైరన్ పెట్టాడు. దాని మీద గుర్రం సకిలింపు. గుంపంతా చేతులు పైకెత్తి అరిచింది.

నేను రోడ్డు మీదికి పరుగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు. తమ్ముడు బండి మీద మిక్సర్ ముందు నిలబడి ఉన్నాడు. "బంద్ చెయ్‌రా!" అని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. వాడు నన్ను చూసి, ఆనందంతో వచ్చాననుకుని, రెండు చేతులూ ఊపాడు. కండువా వేసుకున్న ఒకాయన "రా అక్కా, నువ్వు గూడ రెండు స్టెప్పులెయ్," అన్నాడు. ఆయన ముఖం మీద కొట్టాలనిపించింది. కొట్టలేదు, పోయి బండి ముందు నిలబడ్డాను. డ్రైవర్ హారన్ కొట్టాడు. నేను కదలలేదు. అప్పుడు తమ్ముడు కిందికి దూకి వచ్చాడు. ముఖం తెల్లబోయి ఉంది.

"ఏమైందక్కా? అమ్మకేమన్న అయ్యిందా?"

"అమ్మనేరా నువ్వు మోగిస్తున్నది!"

"ఆఁ?"

"అమ్మ కత్తెర! అమ్మది!"

ఆ హోరులో వాడికి అమ్మ అనే మాట ఒక్కటే వినపడినట్టుంది. "అమ్మ మంచిగనే ఉన్నది గద?" అని మళ్లీ అడిగాడు. ఉందని తలూపాను. తల ఊపక ఏం చేయను? వాడు నా భుజం తట్టి, పక్కకు జరిపి, బండెక్కాడు. ర్యాలీ కదిలిపోయింది.

సాయంత్రం ఇంట్లో కూర్చోబెట్టి అడిగాను. అమ్మ చాట పక్కన పెట్టి వింటోంది.

"గా పాట ఎవ్వరిదిరా?"

"ఎవ్వరిదంటే? నువ్వే పంపితివి గద!"

"వినమని పంపిన. నాయకుని పేరు పెట్టి ఊరేగించమని పంపిన్నా? అండ్ల కత్తెర ఎవ్వరిదో ఎర్కేనా నీకు?"

"ఎవ్వరిది?"

"అమ్మది."

"ఏ అమ్మది?"

ఏ అమ్మది అని అడిగాడు! వాడు అమ్మ వైపు చూశాడు. అమ్మ అవునన్నట్టు తల ఆడించింది. ఒక్క క్షణం వాడి ముఖంలో ఏదో కదిలింది. ఇప్పుడు తెలుస్తుంది అనుకున్నాను. కానీ వాడు చప్పట్లు కొట్టి నవ్వాడు.

"అయితే ఇంక మంచిగాయె గదనే! అమ్మ కత్తెరకు బాన్సువాడ మొత్తం ఎగిరింది! అమ్మా, నువ్వు చూడాల్సి ఉండె, భూమి అదిరింది!"

"నిజంగనా?" అంది అమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ. "గంత పెద్దగ మోగిందా బిడ్డా?"

నా కోపం ఆ నవ్వు ముందు దిక్కు తోచక నిలబడింది. అమ్మే నవ్వుతుంటే నేనెవరి తరఫున అరవాలి? అన్నం తినకుండా లేచిపోయాను. "ఊకో బిడ్డా, తమ్ముడు ఏదో సంబురపడ్డడు," అని అమ్మ వెనక నుంచి అంటూనే ఉంది. వాడి సంబరానికి ఆమె ఊపిరి కూడా అడ్డం రాకూడదా?

ఆ మిక్సింగ్ ఫోన్లలో పాకింది. స్టేటస్‌లలో, ట్రాక్టర్లలో, ఆటోల్లో అదే. అమ్మాయిలు నా దుకాణానికి వచ్చారు. పెద్దమ్మాయి ముఖం వాడిపోయి ఉంది. చిన్నమ్మాయి ముఖం ఎర్రగా ఉంది. తమ్ముణ్ని ఫోన్ చేసి పిలిపించాను. వచ్చాడు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అన్నా, మమ్మల్ని ఒక్క మాట అడగకపోతివి," అంది పెద్దమ్మాయి.

"నెట్ల ఉన్నది, తీసుకున్న. మీదని నాకేమెర్క?"

"పాట కింద మా పేర్లు రాసున్నయి."

"గవన్ని ఎవ్వలు సదువుతరు చెల్లె?" అని నవ్వాడు. "అయినా ఒక మాట అడుగుత, తప్పనుకోకు. నేను పెట్టకముందు మీ పాట ఎవ్వలన్న విన్నరా? ఇప్పుడు ఊరూరికి తెలిసింది. నాకు థాంక్స్ చెప్పాలె అసలు."

చిన్నమ్మాయి మరాఠీలో ఏదో గొణిగింది. తిట్టే అయి ఉంటుంది, అర్థం కాకపోయినా నాకు హాయిగా అనిపించింది. పెద్దమ్మాయి మాత్రం గొంతు పెంచలేదు.

"ఎగిరిన్రన్నా. ఎవ్వలు విన్లే."

తమ్ముడికి ఆ మాట తగిలినట్టు లేదు. ఆమే మళ్లీ అంది. "సరే, డీజే చేసుకో. మేం వద్దంటలేం. గా నాయకుని పేరు తియ్యి. అవ్వ ఆగిన కాడ నువ్వు గూడ ఆగు. గంతే."

"డీజేల ఆగుడుంటదా? ఆగితే కరెంటు పోయిందనుకుని పోరగాండ్లు రాళ్లేస్తరు."

ఇక నేను పట్టలేకపోయాను. మంచి హెడ్‌ఫోన్ తీసి వాడి తలకు తగిలించాను. "అసలు పాట విను. నోరు మూసుకుని మొత్తం విను," అన్నాను. అక్కను గనక కాదనలేక కూర్చున్నాడు. మేం ముగ్గురం వాడి ముఖాన్నే చూస్తున్నాం. కాసేపు కాలు ఆడించాడు. తర్వాత ఆ ఆగే చోటు వచ్చిందని వాడి ముఖం చూస్తే తెలిసింది. కాలు ఆగింది. కళ్లు పైకెత్తి నా వైపు చూశాడు. అమ్మ మోకాలికి తల ఆనించి చీకట్లో కళ్లు తెరిచే పిల్లవాడు వాడిలో ఉన్నాడేమోనని వెతికాను.

వాడు హెడ్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. "నడుమల వైర్ లూజ్ ఉన్నదక్కా. కట్ అయితున్నది."

నేను ఆ రోజు నా తమ్ముణ్ని ఎన్ని మాటలన్నానో నాకే గుర్తు లేదు. పక్క దుకాణాలవాళ్లు బయటికి వచ్చారు. నీకు చెవులున్నాయా, బాక్సులు మోసీ మోసీ వాటిని ఎక్కడన్నా పారేసుకున్నావా అన్నాను. అమ్మ నడుము పట్టుకుంటే నువ్వు సైరన్ వేశావు అన్నాను. వాడు బిత్తరపోయి, "తీసేస్త తియ్, తీసేస్త," అని లేచిపోయాడు. తీసేశాడు కూడా. వాడి దగ్గర తీసేస్తే ఏమవుతుంది? అప్పటికే అది ఇతర డీజేల బండ్లలోకి ఎక్కింది. ఒక్కొక్కరు తమ పేరు ముందు పెట్టుకుని, తమ నాయకుడి పేరు మధ్యలో పెట్టుకుని వాయించారు. మరి ఎవరి మీదికి పోయి అరవను? ఆ వారమంతా ఏ బండి మోగినా షట్టర్ సగం దించి లోపల కూర్చున్నాను. తమ్ముడితో మాట్లాడడం మానేశాను. వాడికి అన్నం పెట్టేదాన్ని గానీ మాట పెట్టేదాన్ని కాదు.

అమ్మకు భుజం నొప్పి ఎక్కువైతే ఒకరోజు దవాఖానకు తీసుకుపోయాను. వచ్చేటప్పుడు ఎక్కిన ఆటోలో ఆ మిక్సింగే పెట్టాడు డ్రైవర్. నేను ఆపమనబోయాను. అమ్మ నా చెయ్యి మీద చెయ్యి వేసింది. అంత దగ్గరగా వినడం ఆమెకు అదే మొదటిసారి. సీటులో ముందుకు జరిగి, మెడ చాచి వింది. కత్తెర వచ్చినప్పుడు మురిసింది. "గిది నాదే," అంది నాతో, డ్రైవర్‌కు వినపడాలని కాస్త గట్టిగానే. తర్వాత సైరన్ వచ్చింది. అమ్మ నుదురు ముడిపడింది.

"గీడ గిదేంది? ఎందుకు మొత్తుకుంటుంది?"

నేను రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను.

"గీడ నేను నడుము పట్టుకున్న గద," అంది. "నాకు యాదికున్నది. ఆ పెద్దపిల్ల సాప మీదికెళ్లి లేసి నన్ను జూసింది. గీడ సప్పుడే లేకుండె."

ముందుకు వంగి డ్రైవర్ భుజం తట్టింది. "బిడ్డా, బంద్ చెయ్."

"మస్తు పాట గదవ్వా!"

"బంద్ చెయ్ అంటున్న గద."

ఆపేశాడు. సాయంత్రం తమ్ముడు రాగానే, తిట్టకుండా, బతిమాలినట్టు అడిగింది. "గా ఒక్క కాడ ఊకోరాదుర, కొడుకా? నేనాడ జర అలిసిన."

వాడు చెప్పులు విప్పుతూ అన్నాడు. "ఇప్పుడు ఆ పాట ఎవ్వలు పెడ్తలేరమ్మా. కొత్తది వచ్చింది."

నిజమే. తర్వాత నిజంగానే ఎవరూ పెట్టలేదు. నా అరుపులకూ కాదు, అమ్మ మాటకూ కాదు, విసుగు పుట్టి వదిలేశారు. అమ్మ వాడి వైపు కాసేపు చూసి, ఆకులు తడిపిన గుడ్డ విప్పుకుంది. ఆ చూపు వాడు చూడలేదు. నేను చూశాను. నాకు వాడి మీద కోపం ఇంకా తగ్గలేదంటే, ఆ చూపు వల్లే.

అమ్మాయిలు చాలాకాలం కనపడలేదు. మొన్న వచ్చారు, కొత్త పాట పట్టుకుని. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. బాగుంది. శుభ్రంగా ఉంది. చిన్నమ్మాయి గొంతు అదే, ఆ ఆలస్యంగా పడే దెబ్బ అదే. కానీ ఏదో లేదు. మళ్లీ మొదటి నుంచి విన్నాను. మనిషి లేడు అందులో. ఇంజను లేదు, కాలువ లేదు, వాకిలి లేదు. అన్నీ ల్యాప్‌టాప్‌లో పుట్టిన చప్పుళ్లు. ఎక్కడైనా దొరికేవి, ఎవరివీ కానివి.

"ఊళ్లె సప్పుళ్లు ఏవి?" అని అడిగాను.

"ఇగ ఎవ్వరి సప్పుడు తీసుకోమక్కా," అంది పెద్దమ్మాయి నేల చూస్తూ. "అవ్వసొంటోళ్లది తీసుకుంటం, ఎవ్వడో వచ్చి గట్ల జేస్తడు. అవ్వకు మేమేం జవాబు చెప్తం? మాకెందుకు గా పాపం?"

అప్పుడు ఆ ఇద్దరి మీద అరిచాను. తమ్ముడి మీద అరిచినదానికన్నా గట్టిగా అరిచాను. అడిగి తీసుకున్నవాళ్లు భయపడి మానేయాలా, అడగకుండా తీసుకున్నవాడు హాయిగా కొత్తది మోగించుకోవాలా అన్నాను. మా అమ్మ ఊపిరి ఎక్కడ ఆగిందో ఆమె కొడుక్కు తెలియలేదు, మీకు తెలిసింది, తెలిసినవాళ్లే చెవులు మూసుకుంటే ఈ ఊరు ఎవరికి వినపడాలి అన్నాను. కళ్లలో నీళ్లు వస్తున్నాయని కూడా చూసుకోలేదు. ఇయర్‌ఫోన్ కొనడానికి వచ్చిన ఒకాయన గుమ్మంలోనే ఆగి, మెల్లగా వెనక్కి తిరిగాడు.

చిన్నమ్మాయి పెద్దమ్మాయి వైపు చూసింది. "వదినా," అంది, బతిమాలుతున్నట్టు.

మళ్లీ ఊరి చప్పుళ్లు పట్టడానికి పెద్దమ్మాయి వెంటనే ఒప్పుకోలేదు. ఫోన్ సంచిలో పెట్టుకుంది, మెట్లు దిగింది, దిగి నిలబడింది. "అవ్వ భుజం ఎట్లున్నదక్కా?" అని అడిగింది.

"అడగాల్నంటే ఇంటికొచ్చి ఆమెనే అడుగు," అన్నాను. నా గొంతులో కోపం అలాగే ఉంది. దాచుకోలేదు.